కాలు తప్పు చెయ్యదు

ఆయనకి తెలిసిన శాస్త్రం ఒక్కటే, అదీ ఒక్క వాక్యం: కాలు తప్పు చెయ్యదు. జోడు కరిచిందంటే తప్పు జోడుది, ఆ జోడు కుట్టినవాడిది. వేలు నలిగినా, మడమ ఒరుసుకుపోయినా, మనిషి కుంటుతూ కొట్లోకి వచ్చినా ఆయన కాలి వంక అనుమానంగా చూసి ఎరగడు. "కొత్త బూట్లు కదండీ, నాలుగు రోజులు తొడిగితే అవే సాగుతాయి" అనేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట. సాగదియ్యాల్సింది తోలు కాదు, కుట్టినవాడి చెవి అనేవాడు.

వీధిలో అందరూ ఆయన్ని అంగుళం మాస్టారు అంటారు. సొంత కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్లు. ముందు గాజు కిటికీ, కిటికీ పక్కన ఆయన కూర్చునే ముక్కాలి పీట, వెనక గోడ నిండా బల్లలు, బల్లల మీద జతలు జతలుగా చెక్క అచ్చులు. ఒక్కో జత ఒక్కో కస్టమరు కాళ్లకి నకలు, అడుగున నంబరు. ఒకటో నంబరు ఆయనదే, రెండోది భార్యది. మిగతా ఊరంతా ఆ తరవాతే.

ఆయనకి పని నేర్పిన గురువు మహా పనివాడు. ముసలితనంలో ఆ చేతికి వణుకొచ్చింది. కుట్టిన ప్రతి జతా ఎక్కడో ఒకచోట కరిచేది. కానీ ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ముఖం మీద అన్న పాపాన పోలేదు. "దివ్యంగా ఉన్నాయండీ" అని తొడుక్కుని వెళ్లి, వీధి మలుపు తిరగ్గానే విప్పి చేత్తో పట్టుకుని పోయేవాళ్లు. ఓ రోజు గురువే ఒక కస్టమరు వెనకాల వెళ్లి అది కళ్లారా చూశాడు. తిరిగొచ్చి పీట మీద కూర్చున్న ఆ మనిషి ముఖాన్ని మాస్టారు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు: నేను కుట్టిన జోడు ఒక్క కాలిని కరిచినట్టు తెలిసినా ఆ రోజే కత్తి దించేస్తాను, మళ్లీ ముట్టను. కస్టమర్లు మర్యాదకి అబద్ధాలాడతారు గనక సాక్షిగా తన కాళ్లనే పెట్టుకున్నాడు. సొంత కాలికి మొహమాటం ఉండదు కదా. ఏటా కొట్టు తెరిచిన తేదీన ఒకటో నంబరు అచ్చు మీద తనకోసం ఒక జత కుట్టుకుని, పొద్దున్న తొడిగి, కొట్టు కట్టేదాకా విప్పకుండా ఉండేవాడు. అది ఆయన ఏటా రాసే పరీక్ష. ఇరవై అయిదుసార్లు రాశాడు, ఇరవై అయిదుసార్లూ పాసయ్యాడు.

ఇరవై ఆరోసారి తప్పాడు.

పొద్దున్న తొడిగినప్పుడు జోడు కాలికి చక్కగా అమరింది. మధ్యాహ్నానికి కాస్త బిగువనిపించింది. సాయంత్రం నాలుగింటికి జోడు పైఅంచు చీలమండ చుట్టూ పట్టుకుని వదల్లేదు. నాడాలు వదులు చేశాడు. ఇంకా వదులు చేశాడు. చివరికి ఎవరూ చూడకుండా బల్ల కింద మడమలు బయటికి తీసి కూర్చున్నాడు. మేజోడు కిందికి లాగి చూస్తే కాలి చుట్టూ గాడి పడి ఉంది. చీలమండ ఎముక, ఇన్నేళ్లూ నిక్షేపంగా ఉన్నది, ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. వేలితో నొక్కితే సొట్ట పడి, ఆ సొట్ట పూడటానికి తీరిగ్గా టైము తీసుకుంది. నొప్పి మాత్రం వీసమెత్తు లేదు.

ఇంకొకడైతే ఇక్కడే "కాలికేదో అయింది" అనుకునేవాడు. మాస్టారికి ఆ ఆలోచనే రాలేదు. కాలు తప్పు చెయ్యదు కదా! నొప్పి లేనిదాన్ని జబ్బనడం ఆయనకి అలవాటు లేదు. కరిచింది జోడు, కుట్టింది తన చెయ్యి, అంతే సంగతులు. కాళ్లు పెరిగినట్టున్నాయి, అచ్చు పాతబడిందేమో అని తనకి తాను ఒక్క అవకాశం ఇచ్చుకున్నాడు. ఒకటో నంబరు అచ్చుకి చీలమండ దగ్గర సన్నని తోలు పేళ్లు అంటించి మళ్లీ ఒక జత కుట్టాడు. వారంలో అదీ కరిచింది. ఇంకో పొర అంటించి మరో జత కుట్టాడు. అదీ అంతే. కాళ్లకి నీరు పడుతుంటే వైద్యం చేయించుకోకుండా అచ్చుకి తోలు అంటించుకుంటూ పోయిన మనిషి భూమ్మీద ఈయనొక్కడే అయ్యుంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నారు పెద్దలు; ఈయన ఆ మూడు కాళ్లకీ జోళ్లు కుట్టే రకం.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పని సంగతులు ఆయన దగ్గర అప్పటికే ఇంకొకటుంది.

అంతకు రెండు నెలల ముందు వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ ఉందంది. రోజుకో బిళ్ల వేసుకోమంది, నెల తరవాత వచ్చి చూపించుకోమంది. ఆ సాయంత్రం భార్య బిళ్ల, నీళ్లు తెచ్చి చేతిలో పెడితే ఆయన ఇంతెత్తున లేచాడు.

"నాకేం రోగమే? గుండ్రాయిలా ఉన్నాను. ఈ బిళ్లలూ గిళ్లలూ నా ఒంటికి పడవు. నేను వెయ్యను."

"చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదండీ ఆవిడ..."

"ఆవిడ కాళ్ల కొలత నా దగ్గరుంది. నా ఒంటి కొలత ఆవిడ దగ్గర లేదు. వెయ్యనంటే వెయ్యను. మళ్లీ ఆ ఊసెత్తకు."

అలా గర్జించి పడుకున్నాడు. పడుకున్నాక గుండె దడదడలాడింది. గుండ్రాయికి దడ రాదు కదా అని కాసేపు ఆలోచించాడు. మర్నాడు రెండు వీధుల అవతల, తనని ఎవరూ ఎరగని మందుల కొట్లో ఒక అట్ట కొనుక్కొచ్చి, కొట్లో మేకుల డబ్బా అడుగున దాచాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే తలుపు తీసి, అటూ ఇటూ చూసి, ఒక బిళ్ల గుటుక్కున మింగి, పనిలో కూర్చునేవాడు. ఒక్క రోజు తప్పలేదు. భార్యకి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రం వాదనలో ఓడిపోయినట్టు కదా! అదే భయానికి నెల తరవాత డాక్టరమ్మ దగ్గరికీ పోలేదు. పోతే ఆవిడ అడుగుతుంది, ఆయన చెప్పాలి, ఆ మాట ఇంటికి చేరుతుంది. వాదనలో గెలవడానికి ఇంత శ్రమ పడేవాళ్లని మొగుళ్లంటారు.

ఇంతకీ ఆ రోజుల్లో ఆయన బతుకులో కలిసొచ్చింది ఒకటే, నాలుగింటి కాఫీ. ఇదివరకు ఫ్లాస్కు కూతురి చేతికిచ్చి పంపే భార్య ఇప్పుడు తనే తెస్తోంది. ఎడమ పాదాన్ని కాస్త పక్కకి వేస్తూ నడిచే ఆ నడక ఆయనకి కిటికీలోంచి దూరాన్నే తెలిసిపోతుంది. కొన్నేళ్లుగా ఆ నడకంటే ఆయనకి లోలోపల ఇష్టం. అదో వయ్యారం అనుకుంటాడు. వచ్చి, కప్పులో పోసి, ఆఖరి చుక్క దాకా తాగేవరకూ కళ్లార్పకుండా నిలబడుతోంది. ముప్ఫై ఏళ్ల కాపరం తరవాత ఇంత ప్రేమేమిటా అని ఆయనకి ఆశ్చర్యం. కుట్టుమిషను దగ్గర కూర్చున్న కూతురు ఒకసారి "నాకూ ఒక గుక్క" అని కప్పు అందుకోబోతే ఆవిడ చటుక్కున లాక్కుంది.

"నీకు వేరే గ్లాసులో తెచ్చాను. అది నాన్నది."

ఆ మాటకి మాస్టారి మనసు నిండిపోయింది. కాకపోతే కాఫీ రుచి మునుపట్లా లేదు.

"ఈ మధ్య చేదుగా ఉంటోందేం? పొడి మార్చావా?"

"పొడి అదే. మీ నాలుకే మారింది," అంది ఆవిడ, ఎటో చూస్తూ.

చెయ్యి పోయింది, నాలుక పోయింది, ఇంకేం మిగిలిందిరా భగవంతుడా అనుకుని ఆ చేదంతా తాగేశాడు.

కాళ్ల దాపరికాన్ని మొదట పసిగట్టింది పక్క కొట్టు బార్బరు. మాస్టారు బల్ల కింద మడమలు బయటపెట్టి కూర్చోవడం అద్దంలోంచి చూశాడు. చూసి ఊరుకుంటే అతను బార్బరెందుకవుతాడు? తన కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్నీ అడగడం మొదలెట్టాడు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు ఎవడైనా ఏదో ఒక అభిప్రాయం చెప్పక చస్తాడా? సాయంత్రానికల్లా ఆ అభిప్రాయాలన్నీ పోగేసుకుని వచ్చేవాడు.

"మాస్టారూ, మూత్రపిండాలటండీ. పొద్దున్న లేవగానే కళ్ల కింద ఉబ్బుతోందా?"

"లేదు."

"అయితే ఉప్పు. ఉప్పు మానెయ్యండి."

మర్నాడు మళ్లీ వచ్చాడు. "ఉప్పు కాదటండీ, గుండె. రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"నా కొట్టుకి ఒకే మెట్టు."

"అయితే తెలియదు లెండి. ఎల్లుండి లివరు గురించి తెలిసినాయన క్రాపుకి వస్తాడు. అడుగుతాను."

లివరాయన వచ్చాడు, పోయాడు. కాళ్ల సిరల్లో రక్తం పైకెక్కదన్నాడు ఒకడు. గంటల తరబడి కాళ్లు వేలాడేసుక్కూర్చుంటే అంతే, బస్సు డ్రైవర్లందరికీ ఉంటుందన్నాడు బస్సు డ్రైవరు. కడుపుతో ఉన్నప్పుడు మా ఆవిడకీ వచ్చింది, భయపడకండి అని ధైర్యం చెప్పాడు ఇంకొకాయన. ఎండాకాలం పోతే పోతుందన్నాడు ఎండలో నడిచొచ్చినవాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని మాస్టారు కసిరాడు. బార్బరు నొచ్చుకుని, ఒక రోజంతా రాలేదు. రెండో రోజు థైరాయిడ్‌తో వచ్చాడు.

"మీరంతా కాలి మీద పడి ఏడుస్తారేం?" అని అరిచాడు మాస్టారు. "కాలికేం కాలేదు. నా చెయ్యి పోయింది. కొలత తప్పుతున్నాను. నా జోడు కరుస్తోంది!"

అరిచాక గానీ తెలియలేదు, వెనకాల మిషను ఆగిందని. కూతురు లేచి నిలబడింది. పదేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న పిల్ల. పై తోలు కుట్టడంలో ఆయన్ని మించింది, నోటి దురుసులో ఆయనతో సమానం. అడుగునెక్కడో దాచిన ఇరవై ఆరో జతని తీసింది. ఒకటో నంబరు అచ్చుకి ఆయన అంటించిన తోలు పేళ్లన్నీ పీకేసింది. అచ్చుని జోడులో దించింది. వేలాడే పోగు లేదు, ఖాళీ లేదు, బిగువు లేదు. టేపు పెట్టి ఆరుచోట్ల కొలిచింది.

"నాన్నా, ఇది అచ్చుకి అక్షరాలా సరిపోయింది. జోడులో తప్పు లేదు. తప్పు నీ కాలిది."

ఆ కప్పు కింద అనకూడని మాట ఒక్కటే ఉంటే అది అదే. అది కన్నకూతురి నోటి వెంట వచ్చింది.

"ఏమన్నావ్?"

"నీ కాలు వాచింది. పోయి డాక్టరమ్మకి చూపించుకో."

"పదేళ్లు నేర్పితే ఇదా నేర్చుకున్నది? రేపు కస్టమరు కుంటుకుంటూ వస్తే నీ కాలే తప్పండీ అని పంపిస్తావా? మా గురువుగారి దగ్గర కూడా అందరూ ఇలాగే కబుర్లు చెప్పారు, జోడు దివ్యంగా ఉందని. నాకొద్దు ఆ దయ!"

లేచి, తోలు కోసే కత్తిని గుడ్డలో చుట్టి, కూతురి బల్ల మీద పెట్టాడు. లేచేటప్పుడు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. అది కూడా చేతగానితనమే అనుకున్నాడు.

"ఇవాళ్టితో నేను కత్తి దించేస్తున్నాను. కొత్త జతలు నువ్వు కొయ్యి. నేను మడమలూ అడుగు తోళ్లూ అతికి పెడతాను."

"నేను ముట్టుకోను," అంది కూతురు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మెడ మాత్రం వంచలేదు. ఆ మెడ ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. "నీ చేతిలో తప్పు లేనప్పుడు నేనెందుకు తీసుకోవాలి? పోయి కాలు చూపించుకురా. చెయ్యే తప్పని డాక్టరమ్మ చెబితే అప్పుడు తీసుకుంటాను."

మూడు రోజులు ఆ కత్తి గుడ్డలోనే ఉంది. కొట్లో కొత్త తోలు తెగలేదు. ఇరవై ఆరేళ్లలో మాస్టారు పీట మీద చేతులు ముడుచుకుని కూర్చోవడం వీధి ఎరగదు. బార్బరు కూడా జబ్బుల ఊసు మానేసి, ఊరికే వచ్చి ఊరికే వెళ్లిపోయేవాడు. పని లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. నాలుగో రోజు భార్యకి సంగతంతా తెలిసింది. ఆవిడ గొడుగు తీసుకుని, "పదండి," అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ సామెత కట్టినవాడికి పెళ్లి కాలేదేమో.

డాక్టరమ్మ రెండు కాళ్లూ చూసింది. చీలమండ పక్కన బొటనవేలితో నొక్కి పట్టి వదిలింది. సొట్ట ఉండిపోయింది.

"నొప్పుందా?"

"లేదండీ."

"రెండు కాళ్లూ ఒకేలా వాచాయా?"

"ఒకేలా. పావంగుళం కూడా తేడా లేదు," అన్నాడు మాస్టారు. కొలతల దగ్గర తగ్గే మనిషి కాదు.

"అది నయం. ఒక్క కాలే వాచి నొప్పి పుడితే పరిగెత్తుకు రావాలి. పొద్దునకి తగ్గుతోందా? ఆయాసం? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం?"

పొద్దునకి తగ్గుతోంది, మిగతావి లేవు. గుండె విన్నది, పొట్ట నొక్కి చూసింది, గుండెకి ఈసీజీ తీయించింది, రక్తానికీ మూత్రానికీ రాసిచ్చింది. రెండు రోజుల తరవాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. మూత్రపిండాలు బాగున్నాయి. గుండె బాగుంది. లివరు బాగుంది. థైరాయిడ్ కూడా బాగుంది. బార్బరు కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది. మాస్టారి ముఖం ఇంకా చిన్నదైపోయింది. కాలికేమీ లేదంటే తప్పు మళ్లీ చేతి మీదికే వస్తుంది కదా.

డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టింది. భృకుటి ముడిచింది. విప్పి మళ్లీ చుట్టింది.

"బీపీ మరీ దిగిపోయిందేమిటి? లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయా? సరే గానీ, నేనిచ్చిన బిళ్ల రోజూ వేసుకుంటున్నారా?"

"లేదండీ," అంది భార్య.

"వేసుకుంటున్నానండీ," అన్నాడు మాస్టారు.

రెండు జవాబులూ ఒక్కసారే వచ్చాయి. మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వేసుకుంటున్నారా?" అంది ఆవిడ. "ఎక్కడ? ఇంట్లో అట్ట కొన్నది కొన్నట్టే ఉంటే!"

దొంగకి తేలు కుట్టినట్టయింది మాస్టారికి. కాసేపు నేల చూశాడు. తరవాత డాక్టరమ్మ బూట్లు చూశాడు, ఆయన కుట్టినవే.

"కొట్లో. మేకుల డబ్బాలో ఇంకో అట్ట ఉంది. రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను. మొదటి రోజు నుంచీ."

ఆవిడ చేతిలో గొడుగు కింద పడింది.

"అయితే... నేను వేసింది?"

"నువ్వు వేసిందేమిటి?"

"కాఫీలో."

రెండు చెంచాల మధ్య బిళ్ల పెట్టి నలిపి, రోజూ నాలుగింటికి కాఫీలో కలిపి, ఆఖరి చుక్క దాకా తాగించి వస్తున్నానని ఆవిడ చెప్పింది. ఇంట్లో ఆయన అట్ట ముట్టకుండా, వేరే అట్టలు తనే కొంటోందట. చేదు తెలియకుండా చక్కెర కూడా ఒక చెంచా ఎక్కువ వేసేదట.

డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి ముఖం మళ్లీ డాక్టరు ముఖమైంది.

"ఈ బిళ్లకి కొందరిలో కాళ్లకి నీరు పట్టించే గుణముంది. మోతాదు పెరిగితే వాపూ పెరుగుతుంది. మీరు మూడు నెలలుగా రోజుకి రెండు వేసుకుంటున్నారు మాస్టారూ, భయానికొకటి, ప్రేమకొకటి. ఇంకాస్త అయితే ఎక్కడో కళ్లు తిరిగి పడిపోయేవారు. ఇది నవ్వుకునే విషయం కాదు. అమ్మా, మనిషికి తెలియకుండా మందు పెట్టకూడదు. అయ్యా, పెళ్లానికి తెలియకుండా మందు తినకూడదు."

"నన్నో మాట అడిగుంటే పోయేది కదే!" అన్నాడు మాస్టారు.

"అడిగితే చెప్పేవారా? మళ్లీ ఆ ఊసెత్తకన్నారు," అంది ఆవిడ. కొంగుతో కళ్లొత్తుకుంది. "మా నాన్న వేసుకుంటున్నానే అనేవాడు. పోయాక చూస్తే బిళ్లలన్నీ కిటికీలో పూలకుండీలో ఉన్నాయి. మట్టి తవ్వితే దోసెడు. ఆ కుండీకి రోజూ నీళ్లు పోసింది నేనే. ఇంట్లో మీ అట్ట నిండుగా కనిపించినప్పుడల్లా నాకా కుండీయే కనిపించేది."

ముప్ఫై ఏళ్లలో ఆ కుండీ సంగతి ఆయన ఒక్కసారీ వినలేదు. వినేలా తను ఎప్పుడైనా కూర్చున్నాడా అంటే, అదీ లేదు. సిగ్గు ముంచుకొచ్చింది. వాదనలో గెలిచి ఈ మనిషిని మూడు నెలలు ఏడిపించానన్నమాట అనుకున్నాడు.

"నాకూ భయమేసిందే," అన్నాడు, డాక్టరమ్మ ఎదురుగానే. "ఆ రోజు రాత్రే. అందుకే వేసుకున్నాను. భయపడ్డానని నీకు తెలియకూడదని దాచాను."

ఆవిడ ముక్కు ఎగబీల్చి, "గుండ్రాయి," అంది.

డాక్టరమ్మ రోజుకి ఒక్కటే చాలంది. అదీ ఒకరి ఎదుట ఒకరు, నోట్లో, నీళ్లతో. రెండు వారాలు ఆగి రమ్మంది.

అయిదో రోజుకి మేజోడు గాడి పల్చబడింది. పదో రోజుకి చీలమండ ఎముక, తప్పిపోయిన చుట్టం తిరిగొచ్చినట్టు, మెల్లిగా బయటికి వచ్చింది. పదిహేనో రోజున డాక్టరమ్మ చూసి బాగుందన్నాక, మర్నాడు పొద్దున్నే ఆయన ఇరవై ఆరో జత తొడుక్కున్నాడు. ఆ రోజు కొట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మధ్యాహ్నమైంది. నాలుగైంది. భార్య ఫ్లాస్కుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. బార్బరు సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి వచ్చాడు. మాస్టారు లేచాడు. కిటికీ దాకా నడిచాడు. తిరిగొచ్చాడు. ముని వేళ్ల మీద లేచి దిగాడు.

"కరవట్లేదు," అన్నాడు. "నా చెయ్యి పోలేదు."

"నేను ముందే చెప్పాను," అంది కూతురు, గుడ్డ విప్పి కత్తి ఆయన చేతిలో పెడుతూ. "తప్పు కాలిదని."

"ఒప్పుకున్నాను తల్లీ. కాలు కూడా తప్పు చేస్తుంది. ఇరవై ఆరేళ్లకి ఒకసారి." కత్తి పట్టుకోగానే ఆయన వేళ్లు ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఆ సంబరంలో మనిషి ఉదారుడైపోయాడు. కాఫీ ఒక గుక్క తాగి, చేదు లేకపోవడం వల్ల కాస్త వెలితిగా అనిపించినా పైకి అనకుండా, భార్య వైపు తిరిగాడు. "ఇవాళ్టి నుంచి మన మధ్య దాపరికాలొద్దే. నా దగ్గరున్నది మేకుల డబ్బా ఒక్కటే, అదీ బయటపడింది. నీ దగ్గర ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్. ఏమీ అనుకోను."

ఆవిడ కూతుర్ని చూసింది. బార్బర్ని చూసింది. ఫ్లాస్కు మూత బిగించి, మళ్లీ విప్పింది.

"నిజంగా ఏమీ అనుకోరుగా?"

"అనుకోనంటున్నానుగా!"

"ఎడమ కాలి చిటికెన వేలండీ."

"దానికేమైంది?"

"కరుస్తుంది."

"ఏది కరుస్తుంది?"

ఆవిడ తల వంచుకుంది. "మీరు కుట్టిన జోడే. ప్రతి జతా అక్కడే పట్టేస్తుంది. పదకొండేళ్లయింది."

బార్బరు నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ చెప్పకుండా మూసుకున్నాడు. మాస్టారు రెండో నంబరు అచ్చు వంక చూశాడు, భార్య వంక చూశాడు.

"పదకొండేళ్లా? ఒక్కసారీ చెప్పలేదేం?"

"చెబితే కత్తి దించేస్తారుగా. ఒట్టు పెట్టుకున్నారు. కత్తి దించేసిన మర్నాడు మీరు ఎలా ఉంటారో నాకు తెలుసు, మొన్న మూడు రోజులు ఊరంతా కూడా చూసింది. ఒక్క చిటికెన వేలే కదా అని ఊరుకున్నాను."

ఆయన పీట జరిపి ఆవిణ్ని కూర్చోబెట్టాడు. తను నేల మీద కూర్చుని, ఆ ఎడమ జోడు నాడా విప్పి, కాలిని ఒళ్లో పెట్టుకున్నాడు. చిటికెన వేలి మీద కాయ కాసి, గట్టిపడి, శనగ గింజంత అయి ఉంది. ఆ పాదం పక్కకి పడటాన్నే ఇన్నేళ్లూ కిటికీలోంచి చూసి మురిసిపోయాడు. ఆ వేలి మీద బొటనవేలు ఆనించాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు ఆవిడ పాదం మీద పడ్డాయి.

"నాన్నా," అంది కూతురు నెమ్మదిగా. ఆమె చూపు ఆయన చేతిలోని కత్తి మీదుంది. "మరి ఒట్టు?"

"ఒట్టు తీసి గట్టున పెట్టు," అన్నాడు మాస్టారు. "ముందు కాగితం, పెన్సిలు పట్రా. మీ అమ్మ కాలు కొలవాలి."